మెంతులు, పుదీనా, ఒక క్యాలెండరు

ఆఫీసు క్యాంటీన్‌లో "నాకు పీసీఓడీ ఉందన్నారు" అని ఎవరైనా నోరు జారితే చాలు, బాక్సులు మూసేలోపు నాలుగు చికిత్సలు చేతికొస్తాయి. ఒకరు రాత్రి మెంతులు నానబెట్టుకుని పొద్దున్నే ఆ నీళ్లు తాగమంటారు. ఇంకొకరు దాల్చినచెక్క కషాయం అంటారు. మూడో ఆవిడ ఆడపడుచుకి అశోకారిష్టంతో నయమైందట. సాయంత్రానికల్లా ఫోనుకీ సంగతి తెలిసిపోతుంది: తొంభై రోజుల్లో బుడగలు కరిగించే పొడి, ఇవాళ కొంటే సగం ధరకే.

ఈ సలహాల్లో కొన్నిటికి కాస్తో కూస్తో ఆధారం ఉంది. కొన్ని అసలు వేరే జబ్బుకి వాడేవి. ఒకటి రెండు కాలేయానికే ముప్పు తెచ్చేవి. షిఫ్టులతో, ఇంటిపనితో నెట్టుకొస్తున్న మనిషికి వీటిని విడదీసుకునే తీరిక ఉండదు కాబట్టే ఈ వ్యాసం. నేను పట్టుకున్న సూత్రం ఒకటే. మూలికనూ మందుగానే లెక్కగట్టాలి. మందుకి మోతాదు ఉంటుంది, గడువు ఉంటుంది, పనిచేసిందో లేదో తేల్చే కొలత ఉంటుంది, ఆపేయాల్సిన సందర్భం ఉంటుంది. "ఆకే కదా, ఏం చేస్తుందిలే" అనుకుంటే ఈ నాలుగూ గాలికిపోతాయి.

ఇది మూలికలను చిన్నచూపు చూడటం కాదు. పీసీఓఎస్‌లో, అంటే మనం పీసీఓడీ అంటున్న జబ్బులోనే, డాక్టర్లు తరచూ రాసే మెట్‌ఫార్మిన్ కథ మొదలైందే యూరప్‌లో పెరిగే గలీగా అనే మొక్క దగ్గర. అందులోని గ్వానిడిన్ జాతి పదార్థాలు రక్తంలో చక్కెరని తగ్గిస్తాయి, కానీ విషం. దానికి దగ్గరి రసాయనాల్లోంచి మనిషి తట్టుకోగలిగినదాన్ని ఎంచి, 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహానికి వాడి చూపించాడు. మొక్కలోని గుణం మాత్రలోకి రావడానికి మధ్యలో జరిగిందంతా ఎంత, ఎవరికి, ఎన్నాళ్లు అన్న లెక్క తేల్చడమే.

మొదట జబ్బు అదేనా అన్నది తేల్చుకోవాలి. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని పెట్టుకున్న కొలమానాన్నే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నారు. నెలసరి తప్పుతూ ఉండటం. పురుష హార్మోన్లు ఎక్కువవడం, అంటే రక్తపరీక్షలోనైనా, గడ్డం మీది వెంట్రుకల, మొండి మొటిమల రూపంలోనైనా. స్కాన్‌లో అండాశయం తీరు. మూడింటిలో రెండు ఉండి, వేరే కారణాలు లేవని తేలితేనే పీసీఓఎస్. స్కాన్ రిపోర్టు ఒక్కదాన్ని పట్టుకుని కషాయాలు మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అన్నట్టు, ఆ రిపోర్టులో కనిపించే ‘నీటి బుడగలు’ నిజానికి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన ఫాలికల్స్, అంటే అండం పెరిగే చిన్న సంచులు. వాటిని కరిగించే పనే లేదు. కరిగిస్తామన్న ప్రకటనని అక్కడితో పక్కకి నెట్టేయొచ్చు.

థైరాయిడ్ తేడా చేసినా, ప్రొలాక్టిన్ పెరిగినా నెలసరి తప్పుతుంది. ఇవి తేల్చకుండా ఏ మూలిక వాడినా గుడ్డిగా వాడినట్టే. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లకి ఇక్కడో చిక్కు. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది. పొద్దున ఆరింటికి పడుకుని తొమ్మిదింటికి లేచి పరుగున ల్యాబుకి వెళ్తే లేని సమస్య ఉన్నట్టు కనిపించొచ్చు. వారాంతపు సెలవు రోజు, రాత్రి నిద్ర సరిగ్గా పోయి, లేచిన రెండు మూడు గంటల తర్వాత రక్తం ఇవ్వండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ల్యాబులో, డాక్టరు దగ్గర చెప్పి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్, హార్మోన్ పరీక్షల అంకెల్నే తారుమారు చేస్తుంది.

చాలామందిలో తీగ లాగితే కదిలే డొంక ఇన్సులిన్. ఒళ్లు దాని మాట సరిగ్గా విననప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైంది అండాశయాన్ని పురుష హార్మోన్ల తయారీకి ఉసిగొల్పుతుంది. రక్తంలో ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రోటీన్‌ని కాలేయం తక్కువగా తయారుచేసేలా చూస్తుంది. దాంతో అండం విడుదల ఆగిపోతుంది, నెలసరి వెనక్కి జరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఇది జరగొచ్చు. వంటింటి దినుసుల్లో అంతో ఇంతో పనిచేస్తాయనుకునేవి చక్కెర మీద పనిచేసేవే కావడానికి కారణం ఇదే.

మెంతుల సంగతే తీసుకోండి. వాటి మీద గట్టి పరిశోధన జరిగింది ఎక్కడో కాదు, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో. 1980లలో, 90లలో అక్కడి శాస్త్రవేత్తలు మధుమేహులకు మెంతిపిండి ఇచ్చి చూశారు. అన్నం తిన్నాక చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా ఆగింది, కొలెస్ట్రాల్ కూడా కొంత తగ్గింది. అయితే వాళ్లు వాడింది చెంచాడు కాదు. రోజుకు పాతిక గ్రాములు, ఒక అధ్యయనంలో ఏకంగా నూరు గ్రాములు. పైగా పనిచేసేది గింజలోని జిగురు పీచు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు తాగేసి గింజలు సింకులో పారబోసేవాళ్లు అసలు సరుకుని పారబోసి కడుగునీళ్లు తాగుతున్నారు. తినండి. నానిన గింజలు ఒక చెంచాతో మొదలుపెట్టి, భోజనంతోపాటు, మజ్జిగలోనో పెరుగులోనో కలుపుకుని తినండి. అలవాటయ్యాక రెండు పూటలా చేయొచ్చు. మొదటి వారం కడుపు ఉబ్బుతుంది. గంటన్నర క్యాబులో కూర్చోవాల్సిన రోజున కాకుండా ఇంట్లో ఉన్న రోజున మొదలుపెట్టడం మేలు. ఎక్కువ తింటే చెమటకి తియ్యటి వాసన పడుతుంది, కంగారు పడకండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లు మాత్రం అదే గ్లాసులో మెంతినీళ్లు తాగొద్దు. పీచు మాత్రని ఒంటికి పట్టనీయదు. కొన్ని గంటలు ఎడం పెట్టండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుకి చెప్పి మొదలుపెట్టాలి. రెండూ కలిసి చక్కెరని మరీ కిందికి దింపేయొచ్చు.

దాల్చినచెక్క మీద నేరుగా పీసీఓఎస్ ఉన్న స్త్రీలతోనే ఒక ప్రయోగం జరిగింది. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించారు. 45 మందికి ఆరు నెలలు, రోజుకు ఒకటిన్నర గ్రాముల దాల్చినచెక్క గుళికలు, లేదా అలాగే కనిపించే ఉత్త గుళికలు. దాల్చినచెక్క వాడినవాళ్లకి నెలసరి కాస్త తరచుగా వచ్చింది. ఆశ పుట్టించే ఫలితమే. కానీ ఆరు నెలలూ పూర్తిచేసినవాళ్లు 17 మందే. అంత చిన్న లెక్కమీద ఎవరైనా "నయమవుతుంది" అంటే నమ్మను. "ప్రయత్నించి చూడొచ్చు" అంటే ఒప్పుకుంటాను.

చూసేటప్పుడు చెక్క ఏదో గమనించండి. కిరాణా కొట్టులో దొరికే మందపాటి, గరుకు బెరడు చాలావరకు కాసియా జాతి. పలుచటి పొరలు చుట్టలా చుట్టుకుని, వేళ్లతో నలిపితే పొడయ్యేది సింహళ దాల్చిన. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది మోతాదు మించితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజూ తీసుకోదగ్గ హద్దుని కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము అని పెట్టింది. అరవై కిలోల మనిషికి ఆరు మిల్లీగ్రాములు. నిండు చెంచా కాసియా పొడితో ఆ హద్దు దాటిపోవచ్చు. బిర్యానీలో ముక్కకి భయం లేదు. నెలల తరబడి రోజూ పొడి వేసుకునేవాళ్లే ధర ఎక్కువైనా సింహళ చెక్క కొనుక్కోవాలి, అరచెంచా దాటకూడదు.

పుదీనాది వేరే దారి. అది చక్కెర మీద కాదు, పురుష హార్మోన్ మీద పనిచేస్తుందంటారు. 2007లో టర్కీలో 21 మంది స్త్రీలకు ఐదు రోజులపాటు రోజూ రెండు కప్పుల స్పియర్‌మింట్ టీ ఇచ్చారు. మన పుదీనా కుటుంబందే ఆ మొక్క. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ తగ్గింది. 2010లో బ్రిటన్‌లో 42 మందితో నెలరోజులు చేసినదాంట్లోనూ తగ్గింది. అయితే డాక్టర్లు వెంట్రుకలకి వేసే స్కోరులో తేడా కనిపించలేదు. వెంట్రుక పెరిగి రాలే చక్రం నెలల వ్యవహారం, నెలరోజుల్లో తేలేది కాదు. కాబట్టి రెండు కప్పుల పుదీనా టీ తాగండి, నష్టం లేదు. ఆ టీ పనిచేసేదాకా గడ్డం సంగతి వదిలేయాలనేమీ లేదు, థ్రెడింగో లేజరో చేయించుకోండి. ఆఫీసు పనికి ఇదే అన్నిటికన్నా తేలిక: ఎండబెట్టిన ఆకు చిన్న డబ్బాలో, వేడినీళ్లు డిస్పెన్సర్‌లో. నాలుగింటి మిషన్ టీకి బదులు ఇది తాగితే ఆ టీలోని పంచదార తప్పుతుంది. నిజం చెప్పాలంటే లాభంలో సగం అక్కడే ఉందేమో. హెర్బల్ టీ పేరుతో వచ్చే ప్యాకెట్ల వెనక మాత్రం చదవండి, మొదటి దినుసు పంచదారే అయిన సందర్భాలు ఉంటాయి.

వేడినీళ్లూ డిస్పెన్సరూ అందరికీ ఉండవు. బట్టల షాపులో పది గంటలు నిలబడే అమ్మాయి, రెండు గ్లాసులు నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కి అనుమతి అడగాల్సిన అమ్మాయి, కషాయాలు మోయలేదు. ఆమెకు పొడులే దారి. అవిసె గింజల కారం, మెంతిపొడి. బాక్సులో అన్నం తగ్గించి, పప్పో గుడ్డో పెంచి, పైన చెంచాడు అవిసె కారం. అవిసె హార్మోన్లను సరిచేస్తుందని నేను చెప్పను. పీచు, మంచి కొవ్వు ఇస్తుంది, అన్నం అరుగుదల నెమ్మదిస్తుంది, అంతే.

అశోకారిష్టం దగ్గర ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. ఆయుర్వేదంలో దాన్ని ప్రధానంగా వాడేది అధిక రక్తస్రావానికి. మూడు నెలలకోసారి నెలసరి వచ్చే మనిషి, నెలకి పదిరోజులు రక్తం పోయే మనిషి సలహాతో అది తాగితే తన జబ్బుకి ఎదుటివాళ్ల మందు తాగినట్టే. మంచి వైద్యులు ఈ తేడా చూడకుండా సీసా చేతికివ్వరు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో సహజంగా పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం జబ్బున్నవాళ్లకి, గర్భం కోసం చూస్తున్నవాళ్లకి అది చిన్న విషయం కాదు.

అతిమధురం మీద ఇటలీలో చిన్న ప్రయోగమొకటి ఉంది, టెస్టోస్టిరాన్ తగ్గిందన్నారు. కానీ అదే వేరు బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. పీసీఓఎస్‌లో బీపీ ముప్పు ముందే ఎక్కువ. సొంతంగా వాడొద్దు. ఒత్తిడికి మంచిదని ఆఫీసుల్లో పంచుకునే అశ్వగంధ థైరాయిడ్ అంకెల్ని కదిలిస్తుంది, కొందరిలో కాలేయానికి దెబ్బ తగిలిన కేసులు నమోదయ్యాయి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగిన కొందరికి కాలేయం దెబ్బతిందని ముంబై డాక్టర్లు 2021లో రాశారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా, పీసీఓఎస్‌కి తిప్పతీగ తాగాల్సిన కారణం నాకు కనబడదు. బెర్బెరిన్ గుళికలు చక్కెర మీద నిజంగానే పనిచేస్తాయి. అందుకే జాగ్రత్త. ఇతర మందుల మోతాదుని ఒంట్లో తారుమారు చేస్తాయి, గర్భిణులకు పనికిరావు.

ఏదైనా ఒక్కదాన్నే ఎంచుకోండి. మెంతులు, దాల్చిన, పుదీనా, పైన ఒక కొత్త మాత్ర, అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే మేలు చేసిందేదో తెలియదు, దద్దురు లేపిందేదో కూడా తెలియదు. గోడ క్యాలెండరు చాలు. మొదలుపెట్టిన తేదీ, మోతాదు, నెలసరి మొదలైన ముగిసిన రోజులు, నెలకోసారి నడుము చుట్టుకొలత. భారతీయ స్త్రీలకి 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. మూడు నెలలు చూడండి. నెలసరి దూరం తగ్గలేదు, నడుము కదల్లేదు, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కదల్లేదు అంటే ఆ మూలిక మీకు పనిచేయనట్టే. మొహమాటం లేకుండా ఆపేయండి.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, విపరీతమైన దురద, ఆకలి చచ్చిపోవడం కనిపించినా మూడు నెలలు ఆగక్కర్లేదు. ఆరోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

క్యాలెండరులో ఇంకో గీత ఉంది, దాన్ని మాత్రం దాటకూడదు. నెలసరి రాకుండా తొంభై రోజులు. అండం విడుదల కానప్పుడు ప్రొజెస్టిరాన్ తయారవదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భాశయం లోపలి పొరని పెంచుకుంటూ పోతుంది, దాన్ని రాల్చే ఏర్పాటు ఉండదు. నెలల తరబడి అలా మందంగా మారిన పొరలో కణాలు దారి తప్పొచ్చు, ఏళ్ల మీద క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. "నెలసరి రాకపోతే హాయే కదా, షిఫ్టులో ఇబ్బంది లేదు" అని నవ్వుతూ అనే ఆడవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, వాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు. ఆ పొరని మెంతులు కాపాడతాయని, పుదీనా కాపాడుతుందని చూపిన ఆధారం లేదు. డాక్టరు పదీ పన్నెండు రోజుల ప్రొజెస్టిరాన్ మాత్రలిస్తే పొర రాలిపోతుంది. అవి వాడుతూ మీ మూలికా వాడుకోవచ్చు, రెండిటికీ పోటీ లేదు. కాబట్టి మూలిక ‘పనిచేస్తోందేమో చూద్దాం’ అని నాలుగో నెలలోకి వెళ్లొద్దు. అలాగే వారం దాటి ఆగని రక్తస్రావానికి, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావానికి కషాయం పెట్టుకుని కూర్చోకూడదు.

కొనేటప్పుడు డబ్బా వెనక్కి తిప్పండి. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, దినుసుల జాబితా ఉండాలి. చాలా ‘పీసీఓఎస్ పొడులు’ మందులే కావు, ఆహార సప్లిమెంటు కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుతో వస్తాయి. ముందు వైపు హార్మోన్ల బొమ్మలు, వెనక చిన్న అక్షరాల్లో ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని ఉంటుంది, వైద్యానికి కాదని తయారీదారే ఒప్పుకున్నాడన్నమాట. స్త్రీల నెలసరి లోపాల్ని సరిచేస్తామంటూ మందుల ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఆ మాటతో అమ్మేవాడి మీద నాకు తొలి అనుమానం అక్కడే మొదలవుతుంది. పేరులేని పొట్లాలు, పాదరసం, సీసం ఉండే అవకాశమున్న భస్మాలు సొంతంగా కొనొద్దు.

ఆయుర్వేదమే కావాలనుకుంటే డిగ్రీ ఉన్న వైద్యుల దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డ, వరంగల్, విజయవాడల్లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలున్నాయి, తిరుపతిలో తితిదే కళాశాల ఉంది. వాటి ఆసుపత్రుల్లో చూపించుకుంటే వేలు వదిలే పని ఉండదు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న డబ్బాలన్నీ ఫోనులో ఫొటో తీసి చూపించండి. "డాక్టరమ్మ తిడుతుంది" అని దాచడం వల్లే మందుల మధ్య గొడవలొస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 పరీక్ష అడగండి, శాకాహారులైతే మరీను.

రాత్రి షిఫ్టుల వాళ్లు మూలిక కన్నా ముందు తిండి వేళ సరిచేసుకోవాలి. తెల్లవారుజామున రెండింటికి తినే బిర్యానీని ఏ కషాయమూ సర్దలేదు. అసలు భోజనం డ్యూటీకి ముందే ఇంట్లో. మధ్యలో గుడ్డు, ఉడికించిన శనగలు, పెరుగు లాంటివి. తిన్నాక పది నిమిషాలు మెట్ల దగ్గర నడక. బరువెక్కువ ఉన్నవాళ్లు ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. డెబ్భై కిలోల మనిషికి మూడున్నర నుంచి ఏడు కిలోలు. వారం వారం షిఫ్టు మారుతుంటే, ఏదో ఒకటే షిఫ్టు ఇవ్వమని డాక్టరు చీటీతో అడగొచ్చు. చీటీలో జబ్బు పేరు ఉండక్కర్లేదు, ‘వైద్య కారణాల వల్ల’ అని రాయమంటే రాస్తారు. మీ అండాశయం సంగతి మేనేజరుకి ఎందుకు?

ఇక చివరిది, మర్చిపోయేది. నెలసరి రావట్లేదంటే గర్భం రాదని కాదు. బరువు తగ్గినా, మందో మూలికో పనిచేసినా అండం విడుదల మళ్లీ మొదలవుతుంది, నెలసరి కన్నా రెండు వారాల ముందు. అంటే మొదటి నెలసరి కనబడకముందే గర్భం నిలవొచ్చు. నెలసరి రప్పించడానికి ఇచ్చే రజఃప్రవర్తిని వటిలాంటి మాత్రల్లో కలబంద సారం, కాసీసం, టంకణం, ఇంగువ ఉంటాయి, గర్భిణి వాడకూడనివి. కాబట్టి పెళ్లయినా కాకపోయినా, అవకాశం ఉన్నవాళ్లెవరైనా, అలాంటి మాత్ర వేసుకునే ముందు మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష స్ట్రిప్‌తో చూసుకోండి, నెగటివ్ వచ్చినా వారం తర్వాత మరోసారి. పాజిటివ్ వస్తే కూరలో పడే దినుసులు తప్ప మిగతా మూలికలన్నీ ఆరోజే ఆపి, ఏది ఎంత వాడారో కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే మాత్రం అడగకుండా ఆపకండి.